మల్లన గారి ఇరవై అంకెల సంఖ్య: ఒక్క అంకె తప్పితే ఎలా పట్టుకుంటాం?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క సంఖ్య గురించే. బోర్డు మీద రాస్తున్నాను చూడండి.

18446744073709551615

ఇరవై అంకెలు. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన చిల్లర. ఆ చిల్లర కూడా చిన్నదేం కాదు, అది వేరే విషయం.

సంఖ్యలోకి వెళ్లే ముందు మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార పక్కన పల్లెటూరు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నాన్న చెన్నైలో బిల్డింగ్ పనులకి వెళ్లేవాడు. మా ఊళ్లో సగం ఇళ్ల కథ ఇదే. నాన్న అకౌంట్ నంబరు చీటీ మీద రాసి ఇవ్వమంటే నేనే రాసి ఇచ్చాను. ఒక 7 ని 1 లాగా రాశాను. పై గీత సరిగ్గా పడలేదు, అంతే. చిన్నాన్న ఆరు వేలు వేశాడు. అవి ఎవరో తెలియని మనిషి అకౌంట్లో పడ్డాయి. నాట్లకి కూలీలకి ఇవ్వాల్సిన డబ్బులు. తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. నాన్న నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు: "ఏటిరా, ఇంత పొడుగు నంబరు రాసినాక అది రైటో తప్పో చూసుకునే ఉపాయం ఏటీ లేదా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. లెక్కల వైపు వచ్చానంటే సగం కారణం అదే. ఆ ప్రశ్నకి ఈ సంఖ్యతో జవాబు చెబుతాను. ఎందుకు ఈ సంఖ్యే అంటే, ఇది దాదాపు వెయ్యేళ్ల క్రితం తెలుగులో ఒక పద్యంలో ఉంది. అంకెల్లో కాదు, మాటల్లో. చేతి రాతతో, తాటాకు మీద నించి ఇంకో తాటాకు మీదకి ఎక్కుతూ మన దాకా వచ్చింది. నేను ఒక చీటీ రాసి ఒక అంకె పాడు చేశాను. ఇన్ని వందల ఏళ్లలో ఇరవై అంకెలకి ఏం కాకుండా ఎలా ఉన్నాయి?

ఆ కవి పేరు పావులూరి మల్లన. 11వ శతాబ్దం వాడని, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలం వాడని చెబుతారు. అంటే నన్నయ గారి కాలమన్నమాట. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు చేశాడు. తెలుగులో మనకి దొరికిన తొలి లెక్కల పుస్తకం అదే. నన్నయ గారి పేరు ప్రతి పిల్లాడికీ తెలుసు. ఈయన పేరు లెక్కల మాస్టార్లకి కూడా తెలీదు. నాకు బాధగానే ఉంటుంది.

పద్యంలో లెక్క మీకు తెలిసిందే, చదరంగం లెక్క. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టిస్తూ 64 గడులు. మొత్తం ఎన్ని? ఆ మొత్తమే బోర్డు మీద ఉన్న సంఖ్య. ఒక్క మల్లనే కాదు, 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇదే సంఖ్య లెక్కగట్టి రాశాడు.

ఈ లెక్క అర్థం కావడానికి చదరంగం అక్కర్లేదు. మా మామ్మ బియ్యం కొలతలు చాలు. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఊరిని బట్టి కొలతలు కొంచెం మారతాయి గానీ మా ఇంట్లో లెక్క ఇది. గమనించారా, ప్రతిదీ రెట్టింపే! గిద్దల్లో చెప్తే 1, 2, 4, 8, 16, 32, 64. కుంచానికి 64 గిద్దలు.

ఇప్పుడు గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, ఇవన్నీ ఒక్కోటి నింపి ఒక బుట్టలో పోయండి. ఎంతైంది? 63 గిద్దలు. కుంచానికి ఒక్క గిద్ద తక్కువ. ఎప్పుడూ అంతే. రెట్టిస్తూ పోయినవన్నీ కలిపితే, తర్వాత రావాల్సిన దానికి ఒకటి తక్కువ వస్తుంది. 64 గడుల మొత్తం కూడా 65వ గడి ఉంటే అందులో పడాల్సిన గింజల కన్నా ఒకటి తక్కువ. అంటే టూ పవర్ 64 మైనస్ 1.

ఇంకో తమాషా. ఆ ఆరు కొలపాత్రల్లో దేన్నీ రెండుసార్లు వాడకుండా 1 నించి 63 దాకా ఎన్ని గిద్దలైనా కొలవచ్చు. 45 కావాలా? అడ్డ, తవ్వ, సోల, గిద్ద. మీ చేతిలో ఫోన్ చేసేది కూడా ఇదే పని. ఆరు పాత్రల బదులు దానికి 64 ఉంటాయి. ఒక్కోటి నిండుగా ఉందా, ఖాళీగా ఉందా, అంతే. 64 బిట్ ఫోన్ అంటే ఇదే. ఆ 64 పాత్రలూ నిండితే వచ్చే సంఖ్య, అదే... (బోర్డు చూపిస్తూ) మల్లన గారి సంఖ్య. మామూలుగా ఫోన్ ప్రాసెసర్ ఒక్క దెబ్బలో పట్టుకోగలిగే అతి పెద్ద పూర్ణసంఖ్య.

గాంగ్నమ్ స్టైల్ పాట గుర్తుందా? 2014 డిసెంబర్లో ఆ వీడియో వ్యూస్ 2,14,74,83,647 దాటిపోతున్నాయని, 32 బిట్ లెక్క సరిపోదని యూట్యూబ్ వాళ్లు 64 బిట్ కి మారినట్టు ప్రకటించారు. కొత్త హద్దు 9223372036854775807. అది చదరంగంలో మొదటి 63 గడుల మొత్తం. ఒక్క ఆఖరి గడి మిగిలింది. ఆ ఆఖరి గడిలో గింజలు, అంతకు ముందున్న 63 గడుల మొత్తం కన్నా ఒకటి ఎక్కువ. మామ్మ కుంచం సంగతే మళ్లీ.

ఎంత వడ్లో కూడా చూద్దాం, మనది వరి జిల్లా కదా. వెయ్యి గింజలు 20 గ్రాములు అనుకుందాం, కొన్ని రకాలు ఇంకా బరువుంటాయి. మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచం అంతా కలిపి ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నుల దరిదాపు. అంటే 460 ఏళ్ల పంట. మన కళ్లాల్లో పట్టదు లెండి.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. ఇంత సంఖ్యని మాటల్లో ఎలా పెట్టారు?

దీన్ని భూతసంఖ్య పద్ధతి అంటారు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి చంద్రుడంటే 1. కళ్లు 2. అగ్నులు 3. వేదాలు 4. మన్మథుడి బాణాలు 5. ఋతువులు 6. కొండలు 7. దిక్కుల్ని మోసే ఏనుగులు 8. మన ఒంట్లో రంధ్రాలు 9. ఆకాశం ఖాళీ, కాబట్టి సున్నా. చదివేటప్పుడు కుడి నించి ఎడమకి. మొదట వచ్చే మాట ఒకట్ల స్థానం. మల్లన పద్యం బాణాలతో మొదలవుతుంది, అది చివరి 5. చంద్రుడితో ముగుస్తుంది, అది అన్నిటికన్నా ఎడమ పక్క ఉన్న 1.

ఇది పుస్తకాల్లో ఉండే విద్య మాత్రమే కాదు, మన జిల్లా చరిత్రలో కూడా ఉంది. జలుమూరు మండలంలో ముఖలింగం గుడి చూసే ఉంటారు. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెప్పే మాట. ఆ గంగ రాజుల్లో అనంతవర్మ చోడగంగుడి పట్టాభిషేకం శక సంవత్సరం 999 లో, అంటే 1078 లో. విశాఖపట్నం తామ్ర శాసనాలు అని పిలిచే రాగిరేకుల మీద ఆ 999 ని అంకెల్లో చెప్పలేదు. నందులు, రంధ్రాలు, గ్రహాలు అని మూడు మాటల్లో చెప్పారు. నవనందులు, నవరంధ్రాలు, నవగ్రహాలు. మూడూ తొమ్మిదులే. ఈ సంవత్సరంతో ఒక సుఖం ఉంది, ఎటు నించి చదివినా ఒకటే!

మాటల్లో ఎందుకు? రాగి మీద గీత ఒకటి అరిగితే, తాటాకు మీద పురుగు ఒక చుక్క తింటే అంకె ఇంకో అంకె అయిపోతుంది. నా 7 అలాగే 1 అయింది కదా. కానీ "కొండ" అనే మాట పొరపాటున "చంద్రుడు" అయిపోదు. ఒక అక్షరం పోయినా మాట గుర్తుపట్టొచ్చు.

దాని పైన ఛందస్సు ఇంకో కాపలా. మల్లన పద్యం చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు అన్నది ఖాయం. రెండో అక్షరానికి ప్రాస, పదకొండో అక్షరం దగ్గర యతి. రాసేవాడు ఒక మాట వదిలేస్తే నడక కుంటుతుంది, చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఒకే అంకెకి మల్లన వేరువేరు మాటలు వాడాడు. ఈ సంఖ్యలో 1 మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ చంద్రుడే, మూడు వేరే పేర్లతో. 4 నాలుగుసార్లు వస్తుంది. రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మగారి ముఖాలు. గణానికి ఏది ఒదిగితే అది. లెక్కా చూసుకోవాలి, నడకా చూసుకోవాలి. మా ఊరి భాషలో చెప్పాలంటే ఆయన మామూలోడు కాదు.

కానీ నేను ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఛందస్సు గొప్ప కాపలా అని చెప్పి వీడియో ముగించేస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. ఛందస్సుకి కూడా కన్నం ఉంది. పద్యంలో వేదం అనే మాట యతి స్థానంలో లేదు. "వేద" ఒక గురువు, ఒక లఘువు. "బాణ" కూడా ఒక గురువు, ఒక లఘువు. నిద్రమత్తులో ఎవరైనా వేద బదులు బాణ అని రాసేశారనుకోండి. నడక చెడదు, యతి చెడదు, ప్రాస చెడదు. పద్యం హాయిగా ఉంటుంది. 4 మాత్రం 5 అయిపోయింది. సంఖ్య ఇలా అవుతుంది:

18446754073709551615

పది లక్షల కోట్ల గింజలు పెరిగాయి. అంటే రెండు లక్షల టన్నుల వడ్లు, ఒక్క మాటకి!

దీన్ని పట్టుకోవాలంటే చెవి చాలదు, లెక్క కావాలి. లెక్క అంటే మళ్లీ 64 సార్లు రెట్టించడం కాదు. దానికీ దగ్గరి దారి ఉంది. 2 ని వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, తర్వాత 256, తర్వాత 65,536, తర్వాత 4,29,49,67,296. దీన్ని ఇంకోసారి వర్గం చేస్తే టూ పవర్ 64. ఆరు గుణకారాలు. ఛందస్సులో గురు లఘువుల నమూనాలు ఎన్నో లెక్కపెట్టడానికి పింగళుడు ఇలాంటి వర్గం చేసే పద్ధతే చెప్పాడు. పద్యం కొలిచే శాస్త్రంలోనే ఈ సంఖ్యని కొలిచే ఉపాయం కూడా ఉందన్నమాట. కానీ ఆఖరి గుణకారం చేత్తో చేస్తే మన తప్పు మనకే ఎదురొస్తుంది. అందుకని పరీక్షలు.

మొదటిది తొమ్మిది పరీక్ష. అంకెలన్నీ కలపండి. అసలు సంఖ్యకి 87 వస్తుంది. 87 ని 9 తో భాగిస్తే శేషం 6. ఇప్పుడు సంఖ్య చూడకుండా ఎంత రావాలో చూద్దాం. రెండు రెట్టింపుల్ని 9 తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని తిరుగుతూ ఉంటాయి. ఆరింటికోసారి మొదటికొస్తుంది. 64 లో ఆరు పదులు పోగా నాలుగు మిగిలింది. నాలుగోది 7. మైనస్ 1 చేస్తే 6. సరిపోయింది. బాణ సంఖ్యకి మొత్తం 88, శేషం 7. దొరికాడు దొంగ!

కానీ తొమ్మిది పరీక్షకి 0, 9 తేడా తెలీదు. అంకెలు తారుమారైనా తెలీదు, కలిపితే మొత్తం అదే కదా. అందుకే పదకొండు పరీక్ష. కుడి నించి ఒకటి విడిచి ఒకటి కలపండి: 5, 6, 5, 9, 7, 7, 4, 7, 4, 8. మొత్తం 62. మిగిలినవి కలిపితే 25. తేడా 37, దాన్ని 11 తో భాగిస్తే శేషం 4. రావాల్సింది ఎంత? 2 రెట్టింపులు 11 దగ్గర పదింటికోసారి మొదటికొస్తాయి. 64 లో మిగిలింది నాలుగు. 16 ని 11 తో భాగిస్తే 5, మైనస్ 1, నాలుగు. సరిపోయింది. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేరువేరు అంకెలు తారుమారైనా ఈ పరీక్ష కచ్చితంగా పట్టుకుంటుంది. పుస్తకాల వెనక ఉండే పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ నంబరు కూడా 11 మీదే నడిచింది. మీ ఆధార్ లో పన్నెండో అంకె కూడా కాపలాదారే, అది వెర్హోఫ్ అనే డచ్ గణితజ్ఞుడి పద్ధతి. ఒక అంకె తప్పు రాసినా, పక్క అంకెలు మార్చినా అది చెల్లదని తెలిసిపోతుంది. మా నాన్న అడిగిన ఉపాయం ఇదే. నాకు తెలిసేసరికి నాలుగేళ్లు ఆలస్యమైంది.

ఫోన్ ని కూడా గుడ్డిగా నమ్మకండి. బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ తో ఈ సంఖ్య మామూలుగా రాసి చూడండి. 18446744073709552000 అని చూపిస్తుంది. 9007199254740992 దాటాక ఆ మామూలు పద్ధతిలో ప్రతి పూర్ణసంఖ్యకీ చోటు ఉండదు, దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఇది తప్పని కనిపెట్టడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. 2 రెట్టింపులు 2, 4, 8, 6 తోనే ముగుస్తాయి. ఒకటి తీసేస్తే ఆఖరి అంకె సున్నా ఎలా వస్తుంది? తాటాకు మీద ఉన్న సంఖ్య సరిగ్గా ఉంది, ఫోన్ మీద ఉన్నది సున్నాలు చుట్టింది.

ఈ పరీక్షలు నేర్చుకున్నాక నాకు కొంచెం పొగరొచ్చింది. ఆ మధ్య పాలకొండలో ఇంటర్ పిల్లలకి ఇదే క్లాసు చెప్పాను. తప్పు సంఖ్య ఇవ్వండి, నిమిషంలో పట్టుకుంటానన్నాను. వెనక బెంచీ నించి ఒక అమ్మాయి లేచి వచ్చి ఇది రాసింది:

18446744073907551615

తొమ్మిది పరీక్ష, శేషం 6. పదకొండు పరీక్ష, శేషం 4. చివర 5, బాగుంది. ఇది అసలుదే అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "మాస్టారూ, 709 ని 907 చేశాను" అంది. ఒకటి విడిచి ఒకటి ఉన్న 7 ని, 9 ని మార్చింది. రెండూ ఒకే జట్టులో ఉన్నాయి, కాబట్టి 62 అలాగే ఉంది, 25 అలాగే ఉంది. నా రెండు కాపలాలూ నిద్రపోయాయి. క్లాసంతా చప్పట్లు, నాకు కాదు.

అప్పుడు ఈ సంఖ్య సొంత గుణం బయటికి తీయాల్సొచ్చింది. ఇది ఏడు ప్రధాన సంఖ్యల గుణకారం: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641 కి పెద్ద కథ ఉంది. 4294967297 ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. అంత గొప్పవాడు. 1732 లో ఆయిలర్ దాన్ని 641 తో భాగించి చూపించాడు, 641 ఇంటూ 6700417. ఫెర్మాని బోల్తా కొట్టించిన ఆ సంఖ్య, ఆయన కన్నా ఆరు వందల ఏళ్ల ముందు మల్లన పద్యంలో ఉన్న సంఖ్యకి ఒక కారణాంకం. మల్లనకి ఆ సంగతి తెలుసని నేననను, వాట్సాప్ లో అలా తిప్పకండి దయచేసి.

మనకి ఉపయోగం ఏమిటంటే, ఈ ఏడుగురూ శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదైనా సరే, మన సంఖ్యో దాని గుణిజమో అయి తీరాలి. కాబట్టి అంతకన్నా చిన్న సంఖ్య ఏదీ, సున్నా తప్ప, ఏడుగురినీ మోసం చెయ్యలేదు. పెద్దదైతే కనీసం రెట్టింపన్నా ఉండాలి, అది చూడగానే తెలుస్తుంది. అమ్మాయి సంఖ్యని 3 వదిలేసింది, 5 వదిలేసింది. మూడో కాపలా 17. క్లాసంతా కలిసి బోర్డు మీద మామూలు భాగహారం చేశాం, ఇరవై అంకెలూ దించుకుంటూ. శేషం 14.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "17 ని కూడా దాటించేది కనిపెడితే ఏటిస్తారు మాస్టారూ?" అంది. ఇంకా ఫోన్ చెయ్యలేదు. ఈలోగా తన సంఖ్యనే 257 తో మీరు భాగించండి. కాలిక్యులేటర్ వద్దు, పెన్నూ కాగితం. శేషం ఎంతొచ్చిందో కింద రాయండి, వచ్చే ఎపిసోడ్ లో చూద్దాం.